నా జాన ఏడంగుళాలు

గణపతి నిమజ్జనం అయిన మరుసటి వారం, ఒక సోమవారం మధ్యాహ్నం, స్కూల్లో నా టిఫిన్ డబ్బా మూత రాలేదు. అది బిగుసుకుపోయిన మూతేం కాదు, రోజూ నేనే పెట్టి నేనే తీసే మూత. కుడి బొటనవేలితో ఇలా నెట్టానో లేదో, మణికట్టు పక్క నుంచి మోచేతి దాకా ఒక నొప్పి సర్రున పాకింది. డబ్బా బల్ల మీద వదిలేసి, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న హిందీ టీచర్ మూత తీసి పెట్టి, "సుజాతా, ఆ పియానోను గుద్దుడు జర తక్కువ జెయ్యి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వి ఊరుకోకుండా దాని సంగతి చూసుకుని ఉంటే ఇప్పుడు మీకు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

నా గురించి కాస్త చెప్పాలి. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ను. కంఠేశ్వర్‌లో అవ్వతో కలిసి ఉంటాను. మా దిక్కు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. బాపు పోయి చాలా ఏళ్ళయింది. అవ్వ నా ఊహ తెలిసినప్పటి నుంచీ బీడీలు చుడుతూనే ఉంది. మా వాడకట్టులో ప్రతి ఇంటి ముందూ మధ్యాహ్నం కాగానే ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటారు. చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు, దారం ఉండ. మాటలు మాటలే, చేతులు చేతులే.

నా చేతులు చిన్నవి. మా ఇంట్లో అదొక గొప్ప. బీడీకి చిన్న వేళ్ళే కావాలి, సన్నగా, గట్టిగా వస్తుంది. చిన్నప్పుడు పక్కింటి వాళ్ళు నా చెయ్యి తిప్పి తిప్పి చూసి, "నీ బిడ్డ వేళ్ళు బీడీ సుట్టుడుకే పుట్టినయ్" అని అవ్వతో అనేవాళ్ళు. అవ్వ మురిసిపోయేది. పదేళ్ళకే నేను బీడీ మూతి మలిచేదాన్ని. డిగ్రీ అయి, ఉద్యోగం వచ్చి, చీరకు పిన్ను పెట్టుకుని స్కూలుకు వెళ్ళే రోజుల్లో కూడా సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని చుట్టడం మానలేదు. బీడీ కార్ఖానా కార్డు అవ్వ పేరు మీదే, దానికి రోజుకు ఇన్ని బీడీలు చుట్టివ్వాలని లెక్క. చూపు తగ్గి అవ్వకు లెక్క పూర్తి కావడం లేదు. మిగిలింది నేను చుట్టేదాన్ని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, డాక్టర్‌కు నేను చెప్పని ముక్క ఇదే.

సంగీతం నాకు ఒక చిన్న కీబోర్డుతో వచ్చింది. స్కూల్లో మూలన పడి ఉన్న దాన్ని ఇంటికి తెచ్చుకుని నేర్చుకున్నాను. దాని మెట్లు సన్నవి. నా చెయ్యి దాని మీద హాయిగా పాకేది. అందుకే నా చెయ్యి చిన్నదన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. తర్వాత స్కూలు వాళ్ళు పూర్తి సైజు డిజిటల్ పియానో కొన్నారు, మెట్లు వెడల్పు, బరువు కూడా. అప్పుడే బోధన్‌లో ఒక సార్ దగ్గర ఆదివారాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. చక్కెర ఫ్యాక్టరీ క్లబ్బు సామాను అమ్మినప్పుడు వచ్చిన పాత పియానో వాళ్ళింట్లో ముందు గదంతా ఆక్రమించుకుని ఉంటుంది. ఆయన ముందు గదిలో కూర్చుని వాయిస్తుంటే బయట చెరకు ట్రాక్టర్లు పోతున్న చప్పుడు కూడా వినిపించేది కాదు నాకు.

ఆ ఏడాది నేను పియానోలో ఎనిమిదో గ్రేడ్ పరీక్షకు తయారవుతున్నాను. ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లో. అది పాసైతే పై క్లాసుల పిల్లలకు పియానో నేనే నేర్పవచ్చు. కాకపోతే హైదరాబాద్ నుంచి ఎవరినో పిలిపిస్తామని ప్రిన్సిపాల్ మేడం ముందే చెప్పారు. ఇది పైకి కనిపించే సంగతి. లోపలి సంగతి ఇంకొకటి ఉంది. పియానో ముందు కూర్చున్నప్పుడు తప్ప నేను ఎక్కడా నా ఇష్టానికి కూర్చున్నట్టు అనిపించేది కాదు. ఆ కూర్చునే చోటు పోతుందేమోనన్న భయంతోనే తర్వాతి తొమ్మిది నెలలు గడిచాయి.

పరీక్షకు సార్ ఎంచి ఇచ్చిన పాఠాల్లో ఒకదాన్నిండా ఆక్టేవ్‌లే. ఆక్టేవ్ అంటే ఈ 'స' నుంచి పై 'స' దాకా, ఎనిమిది మెట్ల దూరం. అటు బొటనవేలు, ఇటు చిటికెనవేలు పెట్టి రెండూ ఒకేసారి నొక్కాలి. సార్ చెయ్యి పెద్దది, పది మెట్లు అవలీలగా అందుతాయి. నాకు ఎనిమిది అందాలంటే చెయ్యంతా పలకలా చాచి, మెట్ల అంచుల మీద వేళ్ళ కొనలు ఆనించాలి. అట్లా రెండు పేజీలు.

"సార్, అందుతలేదు" అన్నాను ఒక ఆదివారం.

"అందుతది బిడ్డా. సాగదీస్తే సాగుతది. నాకు గట్లనే నేర్పిన్రు" అన్నాడాయన. బల్ల అంచుకు బొటనవేలూ చిటికెనవేలూ ఆనించి అరచేతిని కిందికి నొక్కి పట్టడం చూపించాడు. చెడ్డ మనసుతో చెప్పిన మాట కాదు. మంచి మనసుతో చెప్పిన మాట కాబట్టే పొద్దున, సాయంత్రం మానకుండా చేశాను.

టిఫిన్ డబ్బా సంగతి ఆ సాయంత్రం అవ్వకు చెప్పాను. అవ్వ నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బొటనవేలి మొదట్లో నొక్కింది. నేను మూలిగాను.

"గిదేం కొత్తదా? చెయ్యి పనికి పడుతున్నది" అంది. "ఓర్సుకో బిడ్డా. నాలుగొద్దులు నొస్తది, తర్వాత నొచ్చుడే ఎర్కగాదు."

పసుపు, సున్నం కలిపి వెచ్చచేసి రాసి, పాత చీర అంచు చించి బొటనవేలు కలిపి మణికట్టు దాకా గట్టిగా కట్టింది. ఈ పేలిక కట్టు మా వాడకట్టులో కొత్తేం కాదు. ఏ పూట చూసినా ముగ్గురు నలుగురి చేతులకు ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ ఏమైందని అడగరు. కట్టు కట్టుకుని పని ఆపే ఆచారం మా దగ్గర లేదు. కట్టు కట్టేదే పని ఆగకూడదని.

నేనూ అదే చేశాను. ఆ కట్టుతోనే రెండు గంటలు పియానో. బొటనవేలు కదలకపోతే మణికట్టు పక్కకు తిప్పి అందుకునేదాన్ని. తర్వాత ఇంటికి వచ్చి బీడీలు. దసరా దాటింది, దీపావళి దాటింది. ఒకరోజు బోర్డు మీద 'సరిగమ' రాస్తుంటే 'గ' దగ్గర మార్కర్ చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకుని మళ్ళీ రాయబోతే వేళ్ళు మూసుకోలేదు. పిల్లలు పాడుతూనే ఉన్నారు. నేను బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను, ఏడుపు ముఖం వాళ్ళకు కనిపించకుండా.

మరుసటి రోజు మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే తీయించారు. ఎముకలో ఏమీ లేదు. అప్పుడాయన నా బొటనవేలిని పిడికిట్లో పెట్టించి, పిడికిలిని చిటికెనవేలి వైపు మెల్లగా వంచారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"అదే. డీ క్వెర్వెయిన్స్ అంటరమ్మా దీన్ని. బొటనవేలిని కదిలించే తాళ్ళు, టెండన్లు, ఒక సన్న గొట్టంల నుంచి పోతయ్. ఆ గొట్టం వాచింది, అవి రాసుకుంటున్నయ్. మీరేం చేస్తరు?"

"మ్యూజిక్ టీచర్‌ని సార్. పియానో వాయిస్త."

ఆయన రాస్తున్న పెన్ను ఆపి తలెత్తి చూశారు. "పియానోనా? మన నిజామాబాద్‌ల?"

ఆ చూపు నాకు నచ్చింది. నిజం చెప్తున్నాను, చాలా నచ్చింది. ఆయన తర్వాతి ప్రశ్న, "ఇంకేమన్న ఉన్నదా, చేతుల తోటి చేసే పని?" అని.

"ఇంకేం లేదు సార్" అన్నాను.

ఎందుకట్లా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. బీడీలు చుట్టడం నాకు సిగ్గు కాదని ఎప్పుడూ అనుకునేదాన్ని. సిగ్గే. పియానో వాయించే టీచరమ్మను ఆయన గౌరవంగా చూస్తుంటే, ఆ పక్కనే బీడీల చాట పెట్టడానికి నోరు రాలేదు. పైగా అది నాకు పని లెక్కలోకే రాదు. అన్నం తినడం, జడ వేసుకోవడం లాంటిది.

బొటనవేలిని కదలనివ్వని స్ప్లింట్ ఇచ్చి, నాలుగు వారాలు పియానో ముట్టవద్దన్నారు. వాపు తగ్గే మాత్రలు రాశారు. నేను చెప్పిన మాట విన్నాను. పియానో మీద తువ్వాలు కప్పేశాను. పిల్లలకు నోటితో పాడి నేర్పాను. అంతా శ్రద్ధగా చేసి, సాయంత్రం ఇంటికి రాగానే స్ప్లింట్ విప్పి గూట్లో పెట్టి, చాట ముందు కూర్చునేదాన్ని. డాక్టర్ పియానో వద్దన్నారు గానీ బీడీలు వద్దనలేదు కదా.

నాలుగు వారాల తర్వాత ఏమీ తగ్గలేదు. డాక్టర్‌కు అర్థం కాలేదు. అల్ట్రాసౌండ్ చేయించారు, ఆ గొట్టం మందంగా ఉందని వచ్చింది. నరాల సంగతి కూడా చూద్దామని నర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించారు, చేతి మీద చిన్న చిన్న కరెంటు షాకులు. నరాలు బాగానే ఉన్నాయి. అప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సూది దిగినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ మూడో రోజుకు నా చెయ్యి నాకు తిరిగి వచ్చింది. టీ గ్లాసు కుడిచేత్తో పట్టుకుని తాగుతూ అవ్వకు చూపించాను. రెండు వారాలు పండుగే.

సంక్రాంతి సెలవులు అయ్యి స్కూలు తెరిచిన రోజు, బకెట్‌లోంచి చెంబుతో నీళ్ళు ముంచుతుంటే చెంబు జారి కాలి మీద పడింది. కాలి నొప్పి తెలియలేదు, చేతి నొప్పి అంతుంది.

"ఇంజెక్షన్ ఇచ్చినంక గింత జల్ది తిరిగి రావొద్దు" అన్నారు డాక్టర్, రిపోర్టులు మళ్ళీ తిరగేస్తూ. "మీరు పియానో నిజంగనే బంద్ పెట్టిన్రా?"

"పెట్టిన సార్. ఒట్టు."

"అయితే ఒక ఆరు వారాలు ఫిజియోథెరపీ చూద్దాం. దానితోని గూడ కాకుంటే సర్జరీ. చిన్నదే, భయపడకున్రి. కానీ మునుపటి లెక్క ఆక్టేవ్‌లు కొడతరా అంటే నేను మాట ఇయ్యలేను."

ఆటోలో వెనక సీటులో ముఖం చున్నీతో కప్పుకుని ఏడ్చాను. ఇంటికి వచ్చాక అన్నం వద్దంటే అవ్వ కలిపి ముద్దలు పెట్టింది. ముప్పై నాలుగేళ్ళ టీచర్‌కు తల్లి ముద్దలు పెడుతుంటే ఇంకాస్త ఏడుపొచ్చింది. "ఎట్లయిన జేసి వాయిస్తవ్ తియ్యి" అంది అవ్వ. పియానో అంటే ఏమిటో, గ్రేడ్ అంటే ఏమిటో ఆమెకు సరిగా తెలియదు. నాకు అది కావాలన్నది మాత్రం బాగా తెలుసు.

ఫిజియోథెరపీకి మొదటిరోజు అవ్వ తోడు వచ్చింది. ఆటోలో పట్టుకుని కూర్చోవడానికి కూడా నాకు చెయ్యి సహకరించడం లేదు. ఫిజియో నవీపేట్ అమ్మాయి, నాకంటే చిన్నది, పేరు లావణ్య. నా చెయ్యి తీసుకుని వెలుగుకు పట్టి, వేళ్ళ కొనలు ఒక్కొక్కటీ చూసింది. తర్వాత ఎడమచెయ్యి చూసింది. చూపుడువేలి గోరు పక్కన ఆకు మరక. ఎంత సబ్బు పెట్టినా పోని మరక అది.

"అక్కా, బీడీలు సుడుతరా?" అంది మెల్లగా.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా బదులు అవ్వ చెప్పింది, గర్వంగా, గదిలో ఉన్న వాళ్ళందరికీ వినిపించేలా.

"సుట్టక? నా బిడ్డ సుట్టిన బీడీ కార్ఖాన నుంచి ఇంతవరకు ఒక్కటి గూడ వాపస్ రాలే."

లావణ్య నవ్వలేదు, కోప్పడలేదు. "మా అమ్మమ్మ గూడ సుట్టేది" అంటూ కాగితం చించి నా చేతికిచ్చి, చుట్టి చూపించమంది. చుట్టాను. బొటనవేలితో అదిమిపట్టి, దొర్లించి, మూతి లోపలికి నొక్కి. ఆమె నా చెయ్యి వైపు కాకుండా నా మణికట్టు వైపు చూస్తోంది.

"ఇది దినాం ఎంతసేపు?"

"పొద్దుమూకినప్పటి సంది, ఒక రెండు గంటలు."

"స్ప్లింట్ ఉన్నప్పుడు గూడ?"

"తీసి పక్కన పెడతుంటి."

"పియానోతోని ఒకపాలి నొస్తే, గీ పనితోని అదే టెండన్ మళ్ళ మళ్ళ రాసుకుంటున్నదక్కా. డాక్టర్ సార్‌కు చెప్పిన్రా?"

లేదని తల ఊపాను. అంతమంది ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మూడు నెలల మందులు, సూదులు, టెస్టులు, అన్నీ ఒక అబద్ధం చుట్టూ తిరిగాయి.

అప్పుడు లావణ్య అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, నీ చెయ్యి ఒకసారి ఇయ్యి." అవ్వ ఎందుకని అడుగుతూనే ఇచ్చింది. డాక్టర్ నాకు చేసినట్టే బొటనవేలు పిడికిట్లో పెట్టించి, కొంచెం, చాలా కొంచెం వంచింది. అవ్వ అరవలేదు. పెదవులు బిగబట్టింది. కళ్ళ కొనల నుంచి నీళ్ళు వచ్చాయి, వాటిని తుడుచుకోవాలని కూడా తోచనట్టు కూర్చుంది.

"ఎప్పటి సంది అవ్వా గిది?"

అవ్వ నా వైపు చెయ్యి చూపించింది. "ఇది కడుపుల ఉన్నప్పటి సంది."

ముప్పై నాలుగేళ్ళు. నాకు జడ వేసిన చెయ్యి, అన్నం పెట్టిన చెయ్యి, నా బొటనవేలికి కట్టు కట్టిన చెయ్యి. ఓర్చుకోమని ఆమె నాకు చెప్పింది తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం. ఆ సంగతి అర్థమయ్యాక నాకు ఆమె మీద కోపం రాలేదు. నా మీద వచ్చింది, ఒక్కసారి కూడా అడగనందుకు.

ఆ రోజే లావణ్య నా చెయ్యి బల్ల మీద చాపించి, స్కేలు పెట్టి బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా కొలిచింది. నా జాన ఏడంగుళాలు. "సాగదీస్తే పెరుగుతదా?" అని అడిగాను, సార్ మాట చెప్పి.

"ఎముక సాగదక్కా. వేళ్ళ నడుమ జర వదులైతది, గంతే. గుంజి గుంజి పెడితే టెండన్ మీదికే వస్తది."

మరుసటి రోజు స్కూల్లో పియానో మెట్లు కొలిచాను. ఎనిమిది మెట్లు, ఆ అంచు నుంచి ఈ అంచుకు ఏడున్నరకు కొంచెం తక్కువ. నా జాన మొత్తం పరిచినా మెట్ల అంచులు పట్టుకుని వేలాడటమే. ఇంట్లో పాత కీబోర్డు కొలిస్తే ఆరు కూడా లేదు. ఇన్నాళ్ళూ నాకు సాధన చాలడం లేదని ఏడ్చాను. కొలత సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. చెప్పుల దుకాణంలో కాలు కొలవకుండా చెప్పు కొనని మనిషిని, చెయ్యి కొలవకుండా పియానో ముందు కూర్చున్నాను.

డాక్టర్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన, "తప్పు నాది గూడ ఉన్నది. ఈ ఊర్ల ఆడోళ్ళ చెయ్యి నొస్తున్నదంటే బీడీల సంగతి నేనే అడగాలె. పియానో అనంగనే మరిచిపోయిన" అన్నారు. సర్జరీ మాట పక్కన పెట్టారు. అవ్వకు కూడా ఎక్స్‌రే తీయించారు. ఇద్దరికీ స్ప్లింట్లు.

నా కంటే అవ్వతోనే కష్టమైంది. మొదటి వారం ఖాళీ చాట ముందు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. "చెయ్యి ఆపుకొని కూసుంటే నేనేం మనిషిని?" అని నన్నే దబాయించింది. రోజూ సాయంత్రం పాత గుడ్డలో ఐసు చుట్టి పక్కపక్కన కూర్చుని మణికట్లకు పెట్టుకునేవాళ్ళం. లావణ్య చెప్పిన వ్యాయామాలు అవ్వ నాకంటే బాగా చేసేది. నేను ఒకటి ఎక్కువ చేసేస్తే, "ఏయ్, పదే అన్నది గదా ఆ పిల్ల" అని పట్టుకునేది.

ఏప్రిల్ పరీక్ష పోయింది. ఆ ఏడాది పై క్లాసులకు హైదరాబాద్ నుంచి ఒకాయన వారానికి రెండు రోజులు వచ్చాడు. ఆయన వాయిస్తుంటే నేను కారిడార్‌లో ఆగకుండా నడిచి వెళ్ళిపోయేదాన్ని. అది ఈర్ష్య అని ఒప్పుకోవడానికి నాకిప్పుడు మొహమాటం లేదు.

ఎండాకాలం మధ్యలో ఒక రోజు, సెలవులకని స్కూలు నుంచి ఇంటికి తెప్పించుకున్న పియానో మీది తువ్వాలు తీశాను. లావణ్య అయిదు నిమిషాలే అంది. గడియారం ముందు పెట్టుకున్నాను. అయిదే అయిదు వేళ్ళ కింద పడే స్వరాలు, ఒక చిన్న పాట. నొప్పి లేదు. అయిదు నిమిషాలు అయ్యాక లేవబుద్ధి కాక మరో అరగంట కూర్చుని వాయించి, మూడు రోజులు మళ్ళీ మంచం పట్టినంత పని చేసుకున్నాను. ఆ తర్వాత గడియారాన్ని అవ్వకు అప్పగించాను. ఆమెకు గడియారం చూడటం రాదన్న సాకు చెప్పబోతే, పెద్ద ముల్లు ఎక్కడికి రావాలో చూపించమంది. ముల్లు అక్కడికి రాగానే వచ్చి స్విచ్ ఆపేసేది.

జూన్‌లో బోధన్ వెళ్ళాను. సార్‌కు మొదటి నుంచి చివరి దాకా అన్నీ చెప్పాను, బీడీలతో సహా. ఆయన నా అరచేతిని తీసుకుని తన అరచేతికి ఆనించి పట్టుకున్నాడు. నా వేళ్ళు ఆయన వేళ్ళలో రెండో గణుపు కొంచెం దాటాయి, అంతే. చాలాసేపు అట్లాగే చూశాడు.

"ఇన్నొద్దులు నీ చెయ్యి సూడలే బిడ్డా. నా చెయ్యి సూస్కొని నీకు చెప్పిన" అన్నాడు. నేను ఆయన చేతిని అట్లాగే పట్టుకున్నాను.

ఆ రోజు మేమేమీ వాయించలేదు. ఆయన పెన్సిల్ తీసుకుని నా పుస్తకాల్లోని ప్రతి పెద్ద కార్డ్ దగ్గర, అంటే ఒకేసారి నొక్కాల్సిన స్వరాల గుత్తి దగ్గర, ఒక గీత గీశాడు. ఒకేసారి అందని స్వరాలను ఒకదాని వెనుక ఒకటి దొర్లించి వాయించవచ్చు. మధ్యలో ఒక స్వరం వదిలేసినా పాట కుంటుపడదు. కుడిచేతికి అందనిది ఎడమచేతికి ఇవ్వవచ్చు. ఆక్టేవ్ వాయించాక చెయ్యి చాచిపట్టి ఉంచకుండా వెంటనే ముడిచి వదులు చేయాలి. కుర్చీ కొంచెం ఎత్తు పెంచితే మణికట్టు నిటారుగా ఉంటుంది. ఇవన్నీ ఆయనకు ముందే తెలుసు, పెద్ద చెయ్యి ఉండటంతో ఎప్పుడూ అవసరం పడలేదు. పరీక్ష వాళ్ళిచ్చిన పట్టికలోంచి పాఠం మార్చుకునే వీలుందని కూడా అప్పుడే చూశాం. ఆ ఆక్టేవ్‌ల పాఠం తప్పనిసరి కానే కాదు. చిన్న చేతికి పడేవి ఆ పట్టికలోనే మూడున్నాయి.

నవంబరులో పరీక్షలో వాయించి వచ్చాను. గొప్ప మార్కులేం కావు, పాస్. ఈ ఏడాది నుంచి పై క్లాసులకు నేనే చెప్తున్నాను. కొత్తగా చేరిన పిల్లల చెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీస్తాను, జాన కొలిచి పక్కన రాస్తాను. దాన్ని బట్టి పాఠం. పిల్లలకు ఇదొక ఆట. నాకు మాత్రం కాదు.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే, చలికాలం పొద్దున్నే కాస్త పలకరిస్తుంది. అప్పుడు ఆ పూట వాయించను. ఇరవై నిమిషాలు వాయిస్తే పది నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. సాయంత్రాలు బీడీలు ముట్టను. అవ్వ పూర్తిగా మానలేదు, మానమని నేను బలవంతం చేయలేదు. ముందు చుట్టేదాంట్లో సగం కూడా చుట్టదు. స్ప్లింట్ పెట్టుకుని పడుకుంటుంది. ఆమె చెయ్యి నా చెయ్యంత బాగుపడలేదు. అన్నేళ్ళ నొప్పి అంత తొందరగా పోదని డాక్టర్ చెప్పారు.

నా అనుభవం చదివేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. చెయ్యి నొప్పి అని డాక్టర్ దగ్గరికి పోయే ముందు రోజు, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా మీ చేతులు చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. పని అని మీకు అనిపించనివి కూడా రాయండి. చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉన్నవి ముందు రాయండి. ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టండి.

పోయిన నెల అవ్వను చూపించడానికి తీసుకెళ్ళే ముందు రోజు ఆమె కోసం అలాంటి కాగితం ఒకటి రాయడానికి కూర్చున్నాను. "నేనేం జేస్తున్న? ఇంట్లనే ఉంటున్న గద. ఏం రాయకు" అంది. ఒక్కొక్కటీ అడుగుతూ పోయాను. వాకిలి ఊడ్చుడు, పేడనీళ్ళ సాన్పు చల్లుడు, నీళ్ళు మోసుడు, బట్టలు పిండుడు, పిండి పిసుకుడు, ఆకు తడుపుడు, ఆకు కత్తిరించుడు. కాగితం ఒక పక్క నిండి రెండో పక్కకు తిప్పాను. అదీ నిండింది. పూర్తయ్యాక మొత్తం చదివి వినిపించాను. అవ్వ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా చూస్తున్నట్టు వాటినే చూసుకుంది.

"ఇవన్ని నేనే జేస్తున్ననా?" అని అడిగింది నన్ను.